టెక్కలి, పలాస, ఉద్దానం సీమలో భూమి సర్వే చరిత్ర

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో మహేంద్రగిరి పాదాల నుంచి సముద్రం దాకా పరచుకొన్న టెక్కలి, పలాస, మందస, సోంపేట ప్రాంతాల్లోనూ, కొబ్బరి, జీడి, పనస తోటలు దట్టంగా పెరిగిన ఉద్దానం తీరంలోనూ భూమి శిస్తుకు ఉన్నంత వయసు భూమి కొలతకు లేదు. కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం 1802లో చేసిన శాశ్వత శిస్తు నిర్ణయంతో ఈ సీమ పన్నుల లెక్క ఒక కొలిక్కి రాగా, ప్రతి పొలాన్ని ప్రభుత్వమే గొలుసు పట్టి కొలిచి ప్రతి రైతుతో నేరుగా లెక్క కుదుర్చుకోవడం 1948 నాటి జమీందారీల రద్దు చట్టం వచ్చిన తరువాతనే సాధ్యమైంది. ఈ రెంటికీ మధ్య గడిచిన దాదాపు నూట యాభై ఏళ్లలో భూమి వివరాలు జమీందారు కచేరీలోనూ, కరణం ఇంటి అటక మీదనూ, ఊరి పెద్దల జ్ఞాపకంలోనూ ఉండేవి. సర్వే కార్యాలయం ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన తరువాత కూడా అది గీసిన గీతలు కొత్తవే గాని, ఆ గీతల మధ్య నేలకు రాసిన రకం చాలావరకు పాత కచేరీల నుంచి దిగుమతి అయినదే. ఈ ప్రాంతంలో రక్తపాతం దాకా వెళ్లిన భూవివాదాలు సెంటో రెండు సెంట్లో ఎక్కువ తక్కువల గురించి కాక, ఫలానా నేల ఏ రకానిదన్న ప్రశ్న మీద రేగడానికి కారణాన్ని ఈ చరిత్రలోనే వెతకవలసి ఉంటుంది.

హద్దులను రాసి భద్రపరచడం మాత్రం ఇక్కడ కొత్త సంగతి కాదు. ముఖలింగంగా చాలామంది చరిత్రకారులు గుర్తించిన కళింగనగరం రాజధానిగా ఏలిన తొలి తూర్పు గాంగుల తామ్రశాసనాల్లో కొన్ని టెక్కలి శాసనాలు, సంతబొమ్మాళి శాసనాలు అనే పేర్లతోనే శాసన పరిశోధకులకు పరిచితం. బ్రాహ్మణులకో దేవాలయానికో ఇచ్చిన గ్రామం ఎల్లలను చెప్పేటప్పుడు గాంగ శాసనాలు పుట్టను, చెట్టును, రాళ్ల వరుసను, గోతిని, వాగును ఒకదాని తరువాత ఒకటిగా పేర్కొంటూ ప్రదక్షిణంగా తిరిగి మొదటి చోటికి వస్తాయి. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటును ప్రత్యేకంగా చెబుతాయి. ఈనాటి సర్వేలో కూడా మూడు గ్రామాల సరిహద్దు కలిసే బిందువు దగ్గర పెద్ద రాయి పాతి, గ్రామపటం గీయడానికి దాన్నే ప్రధాన ఆధారంగా తీసుకోవడాన్ని బట్టి చూస్తే, పరికరాలు మారినా పొలిమేర కట్టే తర్కం పెద్దగా మారలేదని ఒప్పుకోవాలి. అయితే శాసనం చెప్పేది దానమిచ్చిన ఊరి చుట్టుకొలత గురించే గాని, ఆ ఊళ్లో ఏ మడి ఎవరిదో, ఎంతదో చెప్పదు. ఆ పని ఊరికే వదిలేశారు.

గాంగుల తరువాత గజపతుల ఏలుబడిలోనూ, గోల్కొండ నవాబుల, మొగలుల కాలంలో శ్రీకాకుళం సర్కారుగా ఉన్నప్పుడూ ఇదే పద్ధతి కొనసాగింది. కొండ అంచున మందస, టెక్కలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల రాజులు ఫౌజుదారుకు కప్పం కట్టి, తమ ఊళ్ల నుంచి రాబట్టగలిగినంత రాబట్టుకొనేవారు. 1765లో మొగలు పాదుషా ఫర్మానా ద్వారా, మరుసటి ఏడు నిజాముతో కుదిరిన ఒడంబడిక ద్వారా ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు, దొరలకు దక్కినది పటం కాదు, వసూలు లెక్క మాత్రమే. ఆ లెక్కలోని నిజానిజాలు తేల్చడానికి 1780ల్లో మద్రాసు ప్రభుత్వం సర్క్యూట్ కమిటీ అనే సంచార సంఘాన్ని నియమించింది. అది కొన్నేళ్ల పాటు సర్కారు జిల్లాలు తిరిగి జమీందారుల ఆదాయాలను, సైన్యాలను, గ్రామ లెక్కలను విచారించింది. ఆ సంఘం అడిగినదల్లా ఎంత పండింది, ఎంత వసూలైంది అన్నదే గాని ఎంత భూమి ఉన్నదని నేలను కొలిచి చూడలేదు.

1802 నాటి 25వ రెగ్యులేషన్ ఈ కొలవని లెక్కకే శాశ్వతత్వం కల్పించింది. జమీందారీల స్థూల ఆదాయాన్ని గత ఏళ్ల వసూళ్ల సగటును బట్టి అంచనా కట్టి, అందులో దాదాపు మూడింట రెండు వంతులను పేష్కష్ పేరిట, అంటే జమీందారు సర్కారుకు ఏటా కట్టవలసిన మార్పులేని మొత్తం కింద ఖాయం చేసి, సన్నదు, అంటే హక్కు పత్రం, ఇచ్చారు. సర్కారు స్వంతానికి ఉంచుకొన్న హవేలీ భూములను కూడా ముఠాలనే చిన్న ఎస్టేటులుగా విడగొట్టి వేలం వేశారు. ఒకసారి మొత్తం ఖాయమయ్యాక ఎస్టేటులో భూమి ఎంతో తెలుసుకోవలసిన అవసరం సర్కారుకు లేకుండా పోయింది. కొలిపించుకొంటే రైతుల హక్కులు కాగితానికి ఎక్కుతాయి గనుక చాలామంది జమీందారులకూ ఆ తొందర లేదు. కొలత లేకపోవడం ఈ పద్ధతిలో లోపంగా జొరబడినది కాదు, పద్ధతి నిలబడిందే దాని మీద.

మరి ఊళ్లో లెక్క ఎలా సాగింది? వరి పండే పల్లపు భూముల్లో పంట కోతకు ముందు ఎస్టేటు ఉద్యోగులు వచ్చి చేను చూసి దిగుబడి ఇంతని చెప్పే అంచనా పద్ధతి ఒకటి. నూర్చిన ధాన్యాన్ని కళ్లంలోనే రాజభాగం, రైతుభాగం అని పంచే పద్ధతి మరొకటి. ఊరి మొత్తానికి ఇంత శిస్తు అని తేల్చి దాన్ని వీసాలుగా రైతుల మధ్య సర్దే వీసబడి పద్ధతి ఇంకొకటి. భూమిని ఎకరాల్లో కాక, దానికి పట్టే విత్తనాన్ని బట్టి చెప్పుకొనేవారు. విత్తనపు కొలత సారవంతమైన నేలకు, ఇసుక నేలకు వేరువేరు విస్తీర్ణాలను ఇస్తుంది కాబట్టి, అది భూమి పరిమాణాన్ని చెప్పే కొలత అనడం కన్నా భూమి శక్తిని చెప్పే కొలత అనడం న్యాయం. ఈ లెక్కలన్నింటికీ కాపలాదారు కరణం. అప్పట్లో ఈ సీమ భాగంగా ఉన్న గంజాం జిల్లాలో తెలుగు శిష్టకరణాలు, ఒడియా కరణాలు వంశపారంపర్యంగా ఈ పని చేసేవారు. 1802లోనే వచ్చిన 29వ రెగ్యులేషన్ కరణాల విధులను నిర్దేశిస్తూ, గ్రామ లెక్కలు జమీందారు గుప్పిట్లోకి పోకుండా చూడాలని ఉద్దేశించింది గాని, జీతం ఇచ్చేది జమీందారైనప్పుడు ఆ ఉద్దేశం కాగితం దాటి ఎంత దూరం నడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ కాలంలో తీరాన్ని సర్వే పరికరాలు తాకనే లేదని అనుకోకూడదు. 1794లో మద్రాసు సెంట్ జార్జి కోటలో మైకేల్ టాపింగ్ పర్యవేక్షణలో సర్వే పాఠశాల మొదలైంది. అదే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగు కళాశాలగా పెరిగింది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ సెంట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి మహా త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. శాశ్వత శిస్తు నిర్ణయమూ, ఈ కొలతా ఒకే ప్రభుత్వం చేతుల్లో ఒకే సంవత్సరంలో మొదలు కావడం గమనించదగ్గ సంగతి: ఒక చేత్తో భూమిని కొలవనక్కర లేదని తేల్చుకొంటూనే, మరో చేత్తో అంగుళాల లెక్కన ఆధార రేఖలు కొలిచారు. ఆ తరువాత కలకత్తా వైపు నుంచి తూర్పు తీరం వెంబడి త్రికోణాల వరుస దిగి వచ్చింది. దానికి సరిచూపుగా 1862లో విశాఖపట్నం దగ్గర ఒక ఆధార రేఖను కొలిచారు. కాని త్రికోణమితి సర్వే కొండ శిఖరాలను, దూరాలను నిలబెట్టేది, సేనలకు, ఓడలకు, పటాలకు పనికివచ్చేది. కొండకు కొండకు మధ్య దూరం అడుగులతో సహా తెలిసిన సర్కారుకు, ఆ కొండ నీడలో ఉన్న రైతు మడి ఎంతో తెలియని విచిత్ర స్థితి దాని వల్ల తీరలేదు.

పొలాల సర్వే 1858లో మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ సర్వే, సెటిల్‌మెంటు శాఖలను ఏర్పరచడంతో మొదలైంది. సెటిల్‌మెంటు అంటే నేల రకాన్ని, నీటి వసతిని చూసి ఎకరాకు శిస్తు రేటు ఖాయం చేయడం. సర్వే దానికి కావలసిన విస్తీర్ణాన్ని ఇస్తుంది. రైతువారీ పద్ధతి, అంటే మధ్యలో జమీందారు లేకుండా ప్రతి రైతు పేరిట పట్టా ఉండి అతడే సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి అమలులో ఉన్న తాలూకాలకే ఈ శాఖల పని పరిమితమైంది. గంజాం జిల్లాలో శ్రీకాకుళం వంటి సర్కారు తాలూకాల్లో రైతు చేతికి సర్వే నంబరు, పట్టా వచ్చిన రోజుల్లో, పక్కనే ఉన్న టెక్కలి, మందస రైతులు పంట అంచనా కట్టే ఎస్టేటు అమీను దయ మీద ఆధారపడి ఉన్నారు. జమీందారీ గ్రామాల్లోనూ సర్కారు తనకు అవసరమైన చోట మాత్రం గొలుసు పట్టింది. 1893, 1896 మధ్య తూర్పు తీర రైలు మార్గం వేసినప్పుడు పలాస, నౌపడ మీదుగా సాగిన సన్నని నేల పట్టీ అటువంటిది. నౌపడలో సర్కారు గుత్తాధిపత్యం కింద ఉన్న ఉప్పు మడులు అటువంటివే.

మద్రాసు సర్వే పద్ధతిని కొంత దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే జమీందారీల రద్దు తరువాత ఉద్దానానికి వచ్చినది ఆ పద్ధతే, నేటికీ టెక్కలి, పలాస సర్వేయరు చేతిలో ఉండే పాత రికార్డు దాని ఫలితమే. కొలిచే సాధనం అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు. దానికి నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. పొలం నాలుగు పక్కలూ సమంగా ఉండదు కనుక, సర్వేయరు మొదట మూలల్లో రాళ్లు పాతించి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణంగా గొలుసు లాగించి పొలాన్ని త్రికోణాలుగా విడగొడతాడు. ఆ కర్ణం మీద నడుస్తూ, గట్టు ఎక్కడ వంపు తిరిగితే అక్కడ క్రాస్‌స్టాఫ్ అనే కట్టె పరికరంతో లంబం తీసి, గట్టు దాకా దూరం కొలిచి రాసుకొంటాడు. దానికి ఆఫ్‌సెట్ అని పేరు. ఆధార భుజం మూడు వందల లింకులు, దానికి లంబం రెండు వందల లింకులు ఉన్న త్రికోణపు వైశాల్యం ముప్పై వేల చదరపు లింకులు, అంటే ముప్పై సెంట్లు. ఈ కొలతలన్నీ ఎక్కే పుస్తకమే క్షేత్ర కొలతల పుస్తకం, కచేరీ భాషలో ఎఫ్‌ఎంబీ. దానిలో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పుట ఉంటుంది. రాయి నుంచి రాయికి ఉన్న దూరం, ప్రతి వంపు దగ్గర ఆఫ్‌సెట్ లింకుల్లో రాసి ఉంటాయి. గట్టు దున్నేసినా, రాయి పీకేసినా, ఆ పుటలోని అంకెలతో హద్దును మళ్లీ అదే చోట నిలబెట్టవచ్చు. ఈ పుటలను ఒకచోట చేర్చి మైలుకు పదహారు అంగుళాల ప్రమాణంతో గ్రామపటం గీసేవారు. భూమి కాగితం మీదికి ఎక్కిందనడానికి నిజమైన అర్థం ఆ లింకుల అంకెల్లో ఉంది. పటం దాని నీడ మాత్రమే.

రాయి నిలవడానికి చట్టం కావాలి. 1897 నాటి చట్టాన్ని మార్చి 1923లో తెచ్చిన మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం నేటికీ ఆంధ్రప్రదేశ్‌లో సర్వే పనికి మూలాధారం. సర్వే జరగబోతున్నదని ప్రకటన, హద్దుపై రైతులకు నోటీసు, అభ్యంతరం ఉంటే విచారణ, అప్పీలు, చివరకు 13వ సెక్షను కింద సర్వే ముగిసిందన్న తుది ప్రకటన, ఆ ప్రకటన వచ్చిన మూడేళ్లలోగా సివిలు కోర్టుకు వెళ్లే హక్కు అనే మెట్లన్నీ ఆ చట్టం ఏర్పరచినవే. జమీందారీలకు సంబంధించినంత వరకు 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం ఒక కిటికీ తెరిచింది: రైతుకు తన కమతంపై శాశ్వత అనుభవ హక్కును గుర్తించడమే కాక, ఎస్టేటు గ్రామాలను సర్వే చేసి హక్కుల రికార్డు తయారు చేయడానికి అందులో ఒక అధ్యాయం కేటాయించారు. కాని ఆ పని దానంతట అది జరిగేది కాదు. ఎవరో అడగాలి, ఎవరో ఖర్చు భరించాలి. ఖర్చులో వంతు పడుతుందన్న భయం రైతుకూ, హక్కు రుజువవుతుందన్న భయం జమీందారుకూ ఉన్న చోట ఈ అధ్యాయానికి పని తక్కువే.

ఈ స్తబ్ధతను కదిలించినది రైతు ఉద్యమం. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గ కాలంలో టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఎస్టేటు భూముల విచారణ సంఘం నియమితమైంది. ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతుల పాదయాత్ర ఆ రోజుల్లోనే సాగింది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. రైల్వే స్టేషను చుట్టూ పెరుగుతున్న చిన్న ఊరు దేశమంతటి రైతు నాయకులకు వేదిక కావడానికి మందస ఎస్టేటు రైతుల ఆందోళన నేపథ్యంగా నిలిచింది. ఆ వెంటనే, ఏప్రిల్ 1న, మందస అడవి కలపపై రైతులకు, ఎస్టేటుకు మధ్య నలుగుతున్న తగాదా గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు దారితీసి, తరువాత వీరగున్నమ్మగా పేరొందిన స్త్రీ సహా పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఊరి వాడుకలో ఉన్న అడవికి, ఎస్టేటు తనదనుకొన్న అడవికి మధ్య ఉభయులూ ఒప్పుకొన్న హద్దు లేకపోవడం ఆ విషాదంలో ఒక పాయ. రాజకీయ చరిత్రల్లో దీనికి దక్కినంత చోటు భూమి రికార్డుల చరిత్రలో దక్కకపోవడం పొరపాటు.

అంతకుముందే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, గంజాం జిల్లా విడిపోయి, టెక్కలి, సోంపేట వంటి తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. పర్లాకిమిడి పట్టణం ఆవలికి పోయింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. రికార్డులు ఛత్రపురం నుంచి విశాఖకు, విశాఖ నుంచి శ్రీకాకుళానికి చేతులు మారాయి.

1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు, రైతువారీ మార్పిడి చట్టం జమీందారీలను సర్కారు వశం చేసి, వాటిని సర్వే చేయడాన్ని, రైతువారీ సెటిల్‌మెంటు జరపడాన్ని సర్కారు బాధ్యతగా చేసింది. రైతు సాగులో ఉన్న భూమికి పట్టా, జమీందారు స్వంత సాగు భూమికి అతడి పేర పట్టా, మిగిలినది సర్కారుది. బంజరు, పోరంబోకు, అడవి, చెరువు, గెడ్డ అన్నీ ఈ మూడో వాటా కిందికి వచ్చాయి. పోరంబోకు అంటే శిస్తు లేని, ఊరి ఉమ్మడి అవసరానికో ప్రభుత్వ అవసరానికో ఉంచిన నేల. సర్వే బృందాలు గ్రామాల్లో దిగి రాళ్లు పాతి ఎఫ్‌ఎంబీలు తయారు చేయగా, వాటి వెనుక సెటిల్‌మెంటు ఉద్యోగులు వచ్చి సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ అనే రిజిస్టరును రాశారు. ప్రతి సర్వే నంబరుకు విస్తీర్ణం, నేల రకం, శిస్తు, పట్టాదారు పేరు వరుస గడుల్లో చూపే ఆ రిజిస్టరును ఇక్కడి కచేరీల్లో ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. పాత రైతువారీ తాలూకాల్లో ఆర్‌ఎస్‌ఆర్‌కు, అంటే రీసెటిల్‌మెంటు రిజిస్టరుకు ఉన్న స్థానం ఎస్టేటు గ్రామాల్లో దీనిదే. దావా కోర్టుకు వెళ్తే మొదట అడిగే కాగితం అదే.

ఉద్దానంలో ఈ గడులు నింపడం మైదానపు ఊళ్లలో నింపినంత తేలిక కాదు. ఇక్కడి ఇసుక మెట్టల్లో పొలానికి పొలానికి మధ్య గట్టు బదులు మొగలి పొదల కంచె కనిపిస్తుంది. ముళ్ల ఆకుల మధ్య గొలుసు లాగడం, లంబం తీయడం ఎంత కష్టమో చైన్‌మన్లకే తెలుసు. గాలికి కదిలే ఇసుకలో రాయి ఒరగడం, పూడిపోవడం సహజం. వీటిని మించిన చిక్కు నేల రకానిది. మద్రాసు సెటిల్‌మెంటు నేలలను నల్లరేగడి, ఎర్రనేల, ఇసుకనేల వంటి జాతులుగా, ఒక్కో జాతిలో మేలు, మధ్యమం, నాసి అనే మెట్లుగా విభజించి, ఆ మెట్లకు తరం అని పేరు పెట్టి, ప్రమాణ ధాన్యపు దిగుబడిని బట్టి రేటు కట్టేది. ధాన్యాన్ని కొలబద్దగా పెట్టుకొన్న ఆ చూపుకు ఇసుకనేల అట్టడుగున కనబడుతుంది. నిజానికి ఉద్దానపు ఇసుక కింద కొద్ది లోతులోనే దొరికే నీటితో కొబ్బరి పెరిగింది, కొబ్బరి నీడలో పనస, అరటి, కంద పెరిగాయి, మెట్ట మీద జీడిమామిడి పెరిగి పలాసలో జీడిపప్పు పరిశ్రమకు ఊపిరి పోసింది. ఒకే కమతంలో మూడు అంతస్తుల పంట తీసే రైతుకు రికార్డులో దక్కిన వర్ణన నాసిరకం మెట్ట. శిస్తు తక్కువ పడింది కనుక రైతు దాన్ని కాదనలేదు. నష్టపరిహారం లెక్క కట్టే రోజు వచ్చినప్పుడు గాని ఆ వర్ణన బరువు తెలియలేదు.

మెట్టకు జరిగినది అంతమాత్రమే. పల్లానికి జరిగినది అంతకన్నా ఎక్కువ. సోంపేట పరిసరాల్లో బీల అని, సంతబొమ్మాళి పరిసరాల్లో తంపర అని పిలిచే చిత్తడి నేలలు ఈ తీరానికి ప్రత్యేకం. కొండల నుంచి దిగే గెడ్డల నీరు సముద్రానికి చేరే ముందు ఇసుక దిబ్బల వెనుక నిలిచి విశాలమైన మడుగులవుతుంది. వానాకాలంలో చేపల వేట, నీరు తీసిన అంచుల్లో వరి, వేసవిలో పశువుల మేత, చుట్టుపక్కల పొలాలకు ఎత్తిపోత నీరు అన్నీ అక్కడి నుంచే. ఏడాదిలో మూడు రూపాలు ధరించే ఈ నేలకు సెటిల్‌మెంటు రిజిస్టరులో సరిపడే గడి లేదు. అది ఒక రైతు సాగులో లేదు కనుక పట్టా కాలేదు. చెరువుగా ఎవరూ తవ్వలేదు కనుక చెరువూ కాలేదు. మిగిలినది సర్కారుదన్న సూత్రం కింద అది ప్రభుత్వ భూమిగా, బంజరుగా లెక్కలోకి ఎక్కింది. సర్వేయరు దాని చుట్టుకొలతలో తప్పు చేయలేదు. తప్పు జరిగినది వేరే గడిలో.

దాని ఫలితం అర్ధశతాబ్దం తరువాత కనిపించింది. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాల కోసం ఖాళీ ప్రభుత్వ భూమి వెతికినప్పుడు రికార్డులో బంజరుగా ఉన్న బీల, తంపర నేలలు కంటికి ఆనాయి. మత్స్యకారులు, రైతులు అడ్డం తిరిగారు. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గర పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడ ప్రతిపాదించిన విద్యుత్కేంద్రానికి లభించిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి సమీపంలోని కాకరాపల్లి తంపర వివాదంలోనూ కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. ఈ రెండు చోట్లా ప్రభుత్వం చూపిన కాగితంలో విస్తీర్ణం మీద తగవు లేదు. ఆ విస్తీర్ణంలో ఉన్నది బంజరా, నీటి నేలా అన్నదే తగవు.

సెటిల్‌మెంటుకు, ఈ కాల్పులకు మధ్య కాలంలో కచేరీ రూపురేఖలు మారాయి. 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రైతు చేతికి పుస్తకం ఇచ్చింది. 1977 నాటి చట్టం పేదలకిచ్చిన డీ-పట్టా భూముల అమ్మకాలను నిషేధించింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు పదవులను రద్దు చేయడంతో, వంశపారంపర్య పెత్తనంతో పాటు వంశపారంపర్య జ్ఞాపకమూ పోయింది. కరణాల ఇళ్లలో ఉండిపోయిన లెక్కలన్నీ సర్కారుకు చేరాయని చెప్పడం కష్టం. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా సర్వేయరు స్థానంలో మండల సర్వేయరు, అతడిపై డివిజను స్థాయిలో సర్వే ఇన్‌స్పెక్టరు, జిల్లాలో సహాయ సంచాలకుడు అనే వరుస స్థిరపడింది. సామాన్య రైతుకు ఈ కార్యాలయంతో పని పడేది రెండు సందర్భాల్లో: అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు సబ్‌డివిజను కోసం, పొరుగువాడు గట్టు జరిపినప్పుడు ఎఫ్‌లైను దరఖాస్తు కోసం. ఎఫ్‌లైను అంటే ఎఫ్‌ఎంబీ ప్రకారం హద్దును మళ్లీ కొలిచి చూపమని కోరడం. చలానా కట్టి, చుట్టూ ఉన్న రైతులకు నోటీసులిచ్చి, అందరి సమక్షంలో కొలిచి పంచనామా రాస్తారు. మూడు తరాలుగా నోటిమాట మీద పంచుకొంటూ వచ్చిన కొబ్బరి తోటల్లో సబ్‌డివిజన్లు రికార్డుకు ఎక్కకపోవడంతో, పటంలో ఒక్క నంబరుగా కనిపించే నేలలో పదిమంది అనుభవదారులు ఉండడం ఉద్దానంలో సాధారణం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ లోటు బయటపడింది. లక్షల సంఖ్యలో కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. పరిహారానికి చెట్లు లెక్కించాలి, చెట్టు ఎవరిదో తేలాలి, దానికి నేల ఎవరిదో తేలాలి. రాళ్లు పూడిపోయిన తోటల్లో హద్దు గుర్తులుగా చెల్లుబాటవుతూ వచ్చిన చెట్ల వరుసలే ఆ రాత్రి పడిపోయాయి. పాసుపుస్తకంలో తాత పేరు, తోటలో మనుమల సాగు, కొన్ని చోట్ల నోటి కౌలు ఉన్న పరిస్థితిలో జాబితాల తయారీ ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన సమగ్ర రీసర్వే ఈ నేపథ్యంలో వచ్చింది. ఉపగ్రహ సంకేతాలను అందుకొని స్థానాన్ని సెంటీమీటర్లలో చెప్పే శాశ్వత కేంద్రాల యంత్రాంగం, డ్రోన్లు తీసే చిత్రాలు, చేతిలో పట్టుకొని తిరిగే రోవర్లు గొలుసు, క్రాస్‌స్టాఫ్‌ల స్థానాన్ని తీసుకొన్నాయి. గ్రామ సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లు నియమితులయ్యారు. పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం, అంటే భూకమత పటం నంబరు వచ్చింది. వరి మడుల గట్లు డ్రోను చిత్రంలో అద్దంలో చూసినట్లు కనిపిస్తాయి గాని, దట్టమైన కొబ్బరి గొడుగు కింద మొగలి కంచె కనిపించదు. ఆకుల చాటున ఉపగ్రహ సంకేతమూ సరిగా అందదు. కాబట్టి ఉద్దానంలో సర్వేయరు మళ్లీ కాళ్ల మీదనే ఆధారపడక తప్పదు. అనుభవదారులు తమలో తాము హద్దు తేల్చుకోని చోట కొన్ని కమతాలను కలిపి ఉమ్మడి ఎల్‌పీఎంలుగా నమోదు చేయడంతో రాష్ట్రమంతటా వచ్చినట్లే ఇక్కడా ఫిర్యాదులు వచ్చాయి. ఊరి నివాస స్థలాన్ని ఒకే నంబరు కింద ఉంచే గ్రామకంఠాల్లో ఇళ్ల హద్దులను తేల్చే పని కేంద్రం తెచ్చిన స్వామిత్వ పథకంతో మొదలైంది. తీరపు మత్స్యకార గ్రామాలకు ఇది పొలాల సర్వే కన్నా ముఖ్యం.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పాటు పలాస కేంద్రంగా కొత్త రెవెన్యూ డివిజను ఏర్పడి, అంతవరకు టెక్కలి డివిజను కచేరీకి వెళ్లవలసిన ఉద్దానం రైతుకు దారి తగ్గింది. హక్కుకు పూచీ ఇచ్చే ఉద్దేశంతో వచ్చిన భూ యాజమాన్య హక్కుల (ల్యాండ్ టైట్లింగ్) చట్టం 2023 అక్టోబరులో అమలులోకి వచ్చి, 2024లో రద్దయింది. దానితో సర్వే పనికి 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమే ఆధారంగా నిలిచింది. రీసర్వేలో హద్దులను కొత్తగా కొలిచినా, నేల స్వభావం గడిని నింపడానికి ఆధారం పాత ఆర్‌ఎస్‌ఆర్, ఎస్‌ఎఫ్‌ఏలే. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూముల చిక్కు తీర్చడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. బీల, తంపర నేలలకు అటువంటి సవరణ చట్టమేదీ రాలేదు. డ్రోను ఎగిరిన నెలను బట్టి ఒక చిత్రంలో నీరుగా, మరో చిత్రంలో పచ్చికగా కనిపించే ఆ నేలలకు రకం రాసేటప్పుడు ఈనాటి సర్వేయరు కూడా జమీందారీల రద్దు నాటి రిజిస్టరునే తెరవవలసి ఉంటుంది.